ఒక దేశాన్ని ‘క్రైస్తవ దేశం’ అని ప్రకటించడం క్రీస్తు బోధకు సరిపోతుందా?

సరిపోదు. మాది గుంటూరు వైపు, తాతల కాలం నుంచీ క్రైస్తవ కుటుంబమే. అయినా నా మాట ఇదే. అలా ప్రకటించిన ఆఫ్రికా దేశం జాంబియాలో ఉద్యోగం చేసి వచ్చాను కాబట్టి అక్కడి సంగతే చెప్తాను.

ఫ్రెడరిక్ చిలూబా అధ్యక్షుడైన రెండు నెలలకే, 1991 డిసెంబర్ 29న, జాంబియా ఇక క్రైస్తవ దేశం అని ప్రకటించేశాడు. పెద్ద చర్చిలను ముందుగా ఒక మాట అడిగింది కూడా లేదు. 1996లో అది రాజ్యాంగ పీఠికలోకి ఎక్కింది.

నేను అక్కడి కిట్వే అనే ఊళ్లో ఒక గుజరాతీ సేఠ్ హార్డ్‌వేర్ షాపులో లెక్కలు రాసేవాణ్ణి. 2015లో రాగి ధర పడిపోయింది, గనుల్లో ఉద్యోగాలు ఊడాయి, వాళ్ల డబ్బు క్వాచా విలువ పాతాళానికి పోయింది. కరెంటు గంటల తరబడి ఉండేది కాదు. అప్పటి అధ్యక్షుడు ఎడ్గార్ లుంగు ఏం చేశాడనుకున్నారు? అక్టోబర్ 18న దేశమంతా ఉపవాస ప్రార్థన చెయ్యమన్నాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు రద్దు. సాయంత్రం ఆరు దాకా బార్లు బంద్.

ఆ రోజు నేనూ చర్చికి వెళ్లాను. జెనరేటర్‌లో డీజిల్ అయిపోయి మైకు ఆగిపోతే పాస్టరు గొంతు చించుకుని ప్రసంగించాడు. మా షాపులో పనిచేసే ఒక పెద్దావిడ ఉండేది, అందరం ‘బామాయో’ అంటాం, అక్కడి బెంబా భాషలో అమ్మ అన్నట్టు. మోకాళ్ల మీద చాలాసేపు ఉండిపోయింది. బయటికొచ్చాక, "క్వాచా కోసం ప్రార్థించావా?" అన్నాను. "క్వాచా సంగతి మంత్రులు చూసుకుంటారులే. గనిలో మా అబ్బాయి పని పోయింది, నేను అదే అడిగాను" అంది. తిరిగొస్తుంటే దారిలో ఒక బార్ ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఇంకా ఆరు కాలేదు. వాళ్లలో సగం మంది చంకలో బైబిలు. నాకు నవ్వొచ్చింది గానీ వాళ్లను తప్పు పట్టబుద్ధి కాలేదు. సర్కారు పెట్టిన ఉపవాసం సర్కారు టైమ్‌కి అయిపోతుంది మరి.

నిజం చెప్పాలంటే ఆ ప్రకటన వల్ల మా సేఠ్‌కి వచ్చిన ఇబ్బందేమీ లేదు. గుడికి వెళ్లేవాడు, దీపావళి చేసుకునేవాడు. మత స్వేచ్ఛ కూడా రాజ్యాంగంలోనే ఉంది. అలాంటప్పుడు ఆ ప్రకటన ఎవరికి పనికొచ్చినట్టు? చిలూబాకి. ఏ 1996 సవరణ దేశాన్ని క్రైస్తవం చేసిందో, అదే సవరణ తల్లిదండ్రులిద్దరూ జాంబియా వాళ్లై ఉండాలన్న షరతు పెట్టి మాజీ అధ్యక్షుడు కెన్నెత్ కౌండాను ఎన్నికల్లోంచి తప్పించింది. కౌండా తండ్రి ఎవరు? ఇప్పటి మలావీ నుంచి సువార్త చెప్పడానికి వచ్చిన పాస్టరు! చిలూబా ప్రజాధనం మింగాడని 2007లో లండన్ కోర్టు తేల్చింది. 2009లో జాంబియా కోర్టు కేసు కొట్టేసింది, అది వేరే కథ.

దీన్ని సమర్థించేవాళ్లు "యెహోవా తమకు దేవుడుగా గల జనులు ధన్యులు" అని 33వ కీర్తన చదువుతారు. మన వాట్సాప్ గ్రూపుల్లోనూ అదే వరుస. ఫలానా దేశం క్రైస్తవం కాబోతోంది, పదిమందికి పంపండి అంటూ పొద్దున్నే ఫార్వర్డులు. రొట్టెలు తిన్న జనం బలవంతంగా రాజును చెయ్యబోతే యేసు ఒంటరిగా కొండమీదికి వెళ్లిపోయాడని యోహాను ఆరో అధ్యాయంలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. బాప్తిస్మం మనిషికిస్తారు గానీ దేశానికెలా ఇస్తారండీ?

అసలు సర్కారు కాగితంలో మతం రాస్తే ఏమవుతుందో మన దళిత క్రైస్తవులను అడగాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా ముందు హిందువులకే ఉండేది, తర్వాత సిక్కులను, బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు ఈ రోజుకీ లేదు. అందుకే మావైపు ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఒక మతం. మా బంధువుల అబ్బాయి ఒకడు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఉద్యోగం వచ్చినప్పటి నుంచి పాటల వీడియోలో మొహం పడకుండా స్తంభం వెనక కూర్చుంటున్నాడు.