బహువచనాల పాఠం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పాఠం రెండుసార్లు చదివా. ఇంగ్లీషు బహువచనాల మీద ఒక హెడ్డింగు, కింద పద్నాలుగు రూల్సు, ఒక్కో రూల్ కింద మూడేసి మాటలు, ఆఖర్న మినహాయింపుల టేబులు. తప్పులు పెద్దగా లేవు, ఉన్న ఒకటీ అరా చివర్లో చెప్తా. కానీ మూడో రూల్ దగ్గరే నాకు ఆవలింత వచ్చింది, ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్న నాకే అలా ఉంటే కొత్తగా నేర్చుకునేవాడి సంగతి ఆలోచించు. టేబులు ఎవరైనా ఇస్తారు, అది ఎందుకలా ఉందో నువ్వు చెప్పాలి.

ముందు నోటితో మొదలెట్టు, స్పెల్లింగుతో కాదు. క్యాట్స్‌లో చివర వినపడేది స్, డాగ్స్ అని రాస్తాం గానీ పలికేది డాగ్‌జ్, బాక్స్‌కి వచ్చేసరికి బాక్సిజ్. రాసే అక్షరం ఒకటే, పలికేవి మూడు. మాట చివర ప్, ట్, క్ లాంటిది ఉంటే స్ వస్తుంది; బ్, డ్, గ్ లాంటిదో అచ్చో ఉంటే జ్ వస్తుంది; స్, ష్, చ్ లాంటి బుసకొట్టే శబ్దాలుంటే మధ్యలో ఒక ఇ దూరాలి, లేకపోతే రెండు బుసలు పక్కపక్కన పడి నోరు తిరగదు. సిహెచ్ చివర ఉంటే ఈఎస్ కలపాలి అని నాలుగో రూల్‌లో ఊరికే రాసి వదిలేశావే, దానికి కారణం ఇదే. స్టమక్ చివర సిహెచ్ ఉన్నా స్టమక్స్ అనే రాస్తాం, ఎందుకంటే అక్కడ పలికేది క్. నీ రూల్ ప్రకారం పోయినవాడు అక్కడ బోర్లా పడతాడు.

ఇక్కడే పిల్లల భాష మీద పరిశోధన చేసిన జీన్ బెర్కో 1958 నాటి ప్రయోగం చెప్పు, చదివేవాడు లేచి కూర్చుంటాడు. ఆవిడ చిన్నపిల్లలకి పిట్టలాంటి ఒక బొమ్మ చూపించి ఇది వగ్ అంది, ఇంకోటి చూపించి ఇప్పుడు రెండున్నాయి, రెండు ఏంటి అని అడిగింది. వగ్ అనే మాటే లేదు, అయినా చాలామంది పిల్లలు వగ్‌జ్ అనేశారు, స్ కాదు జ్. ఎవరి దగ్గరా బట్టీపట్టింది కాదు కదా అది. ఇంకో తమాషా, గ్లాసెస్ అని చక్కగా చెప్పిన పిల్లల్లోనే చాలామంది టాస్ అనే ఉత్తుత్తి మాటకి బహువచనం అడిగితే టాస్ అనే వదిలేశారు, అంటే ఆ బుస రూల్ మిగతా రెంటికన్నా ఆలస్యంగా వంటబడుతుందన్నమాట.

ఇక ఫుట్-ఫీట్, గూస్-గీస్, మౌస్-మైస్. వీటిని మినహాయింపులు అని ఒక్క మాటలో తేల్చేశావు, నాకు నచ్చనిది అదే. చాలా పాతకాలంలో వీటి బహువచనానికి వెనక ఒక ఇ లాంటి శబ్దం ఉండేది, ముందున్న అచ్చు దాని గాలి సోకి మారింది, తర్వాత ఆ ఇ కాస్తా రాలిపోయింది, మారిన అచ్చు మాత్రం మిగిలింది. ఇది తెలుగువాడికి చెప్పడం ఎంత తేలికో చూడు. కత్తి అంటాం, కత్తులు అంటాం, ఆ ఇ ఉ ఎందుకయ్యింది? వెనక లులో ఉన్న ఉ లాగేసింది. మనిషి-మనుషులు చూడు, రెండు ఇ లూ పోయాయి. మనం పుట్టినప్పట్నుంచీ చేస్తున్న పనే అది, ఇంగ్లీషువాడు చేస్తే వింత అనుకుంటాం. బుక్ కూడా ఒకప్పుడు ఆ గుంపులోదే, పాత ఇంగ్లీషులో బోక్‌కి బహువచనం బేచ్, తర్వాత జనం ఎస్ తగిలించి బుక్స్ చేసేశారు. ఫుట్ మాత్రం లొంగలేదు, రోజూ నోట్లో నానే మాటలు అంత తొందరగా మారవు.

చిల్డ్రన్ సంగతి ఇంకా బావుంటుంది. పాత ఇంగ్లీషులోనే చైల్డ్‌కి ఆర్ శబ్దంతో ఒక బహువచనం ఉంది, అది బహువచనమని జనానికి అనిపించడం మానేశాక ఆక్స్-ఆక్సెన్‌లో ఉన్న ఎన్ తెచ్చి దానిమీద ఇంకోటి వేశారు. అంటే చిల్డ్రన్‌లో ఆల్రెడీ రెండున్నాయి, మనవాళ్లు చిల్డ్రన్స్ అంటే మూడు. ఫ్రెండ్స్‌లు, షూస్‌లు కూడా ఇదే జబ్బు, కాబట్టి పాఠంలో ఎవర్నీ వెక్కిరించకు. దీనికి రివర్స్ కూడా ఉంది, బఠాణీకి ఇంగ్లీషులో పాత ఏకవచనం పీజ్, చివర జ్ వినపడేసరికి బహువచనం కాబోలనుకుని దాన్ని కోసేసి పీ అనే కొత్త ఏకవచనం పుట్టించారు. ఒక లేడీస్ వచ్చారు అనే మనం వాళ్లకేం తీసిపోం.

నైఫ్-నైవ్స్, వుల్ఫ్-వుల్వ్స్‌కి రెండు లైన్లు చాలు, పాత ఇంగ్లీషులో అచ్చులు, ల్ లాంటి గొంతు మోగే శబ్దాల మధ్య పడిన ఎఫ్‌ని వి లాగా పలికేవాళ్లు, అది మిగిలిపోయింది. ఫోటోస్, పొటాటోస్‌లో ఏది ఓఎస్ ఏది ఓఈఎస్ అనే గొడవకి డిక్షనరీ చూస్కోమను, నేనూ అదే చేస్తా.

నువ్వు అసలు ముట్టుకోనిది, మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది, లెక్కపెట్టలేని మాటలు. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్. తెలుగులో సలహాలు ఉన్నాయి, వివరాలు ఉన్నాయి, సామాన్లు ఉన్నాయి, అందుకని చెయ్యి దానంతటదే ఎస్ పెట్టేస్తుంది. నేను కొత్తలో ఒక మెషీన్ మాన్యువల్‌లో ఎక్విప్‌మెంట్స్ అని పేజీకి నాలుగుసార్లు రాశా, ప్రింటయి వచ్చాక గానీ చూసుకోలేదు, ఇప్పటికీ ఆ మాట కనపడితే చెవులు వేడెక్కుతాయి. అలాగే వన్ ఆఫ్ మై ఫ్రెండ్ అనేది, మా ఫ్రెండ్ ఒకడు అని మనసులో అనుకుని రాస్తే వచ్చే తప్పు, నా ఫ్రెండ్స్‌లో ఒకడు అని అనుకోమను, ఎస్ దానంతటదే వస్తుంది. ఈ రెండిటికీ నీ పాఠంలో మూడోవంతు ఇచ్చినా తప్పులేదు.

లాటిన్, గ్రీకు మాటల మీద ఎక్కువ ఆగకు. క్రైటీరియా బహువచనం, ఒకటైతే క్రైటీరియన్, అది చెప్పు చాలు. ఆక్టోపస్‌కి ఆక్టోపై అని గొప్పగా రాశావు, కొన్ని డిక్షనరీల్లో ఉంటుంది గానీ ఆ మాట గ్రీకుది, లాటిన్ తోక దానికి అతకదు, ఆక్టోపసెస్ అను, ఎవరూ ఏమీ అనరు.

ఇక తప్పులు. ఆరో రూల్‌లో చీఫ్‌కి చీవ్స్ అని కొట్టావు, అది చీఫ్స్, ఫ్రెంచ్ నుంచి వచ్చిన మాట. మదర్ ఇన్ లాస్ కాదు, మదర్స్ ఇన్ లా. హెడ్డింగులో ప్లూరల్ పక్కన అపాస్ట్రఫీ పెట్టి ఎస్ పెట్టావు చూడు, బహువచనాల పాఠానికి హెడ్డింగే అలా ఉంటే కింద ఏం రాసినా ఎవడూ నమ్మడు, ముందు అది తీసేసి మళ్లీ పంపు.