మీ ప్రశ్నలు - మా జవాబులు: సింహళ ప్రేమకథలు

ప్రశ్న: ఈమధ్య 'గంపెరలియ' అనే పాత సింహళ చిత్రం చూశాను. ప్రేమకథే అయినా నాయికా నాయకులు మనసు విప్పి మాట్లాడుకునే ఘట్టాలు తక్కువ; ఆటపాటల సందడి లేదు, సెట్టింగుల ఆర్భాటం అసలే లేదు. ఇది డబ్బు చాలక చేసిన పొదుపా, దర్శకుడు కోరి ఎంచుకున్న పద్ధతా?

జవాబు: రెండూ ఉన్నాయి. అయితే ఆ దర్శకుడు, లెస్టర్ జేమ్స్ పీరిస్, దేన్ని వదిలించుకోవాలనుకున్నాడో ముందు తెలియాలి. తొలి సింహళ టాకీ 'కడవును పొరొందువ' 1947లో విడుదలైంది. శ్రీలంకలోని నెగొంబో ప్రాంతపు మినర్వా నాటక బృందం ప్రదర్శించే నాటకాన్నే మదురైలోని ఒక స్టూడియోలో, జ్యోతిష్ సిన్హా అనే బెంగాలీ దర్శకుడి చేతుల మీదుగా చిత్రీకరించారు. ఆ తరువాత చాలా ఏళ్ళు సింహళ చిత్రాలు దక్షిణ భారత స్టూడియోలనే ఆశ్రయించడంతో, మాట వాళ్ళదైనా బాణీలు, తెరలు, హాస్యఘట్టాలు చాలావరకు మనవైపువే అయ్యాయి. మన కె. జమునారాణి సింహళ పాటలు పాడింది కూడా ఆ రోజుల్లోనే.

ప్రభుత్వ చలనచిత్ర విభాగంలో డాక్యుమెంటరీలు తీసిన లెస్టర్ జేమ్స్ పీరిస్, ఆ ఉద్యోగం వదిలి, ఛాయాగ్రాహకుడు విలియం బ్లేక్, ఎడిటర్ టైటస్ తోటవత్తలతో కలిసి 1956లో 'రేఖావ' తీశారు. కెమెరా పల్లెలోకి, ఎండలోకి వచ్చింది. మరుసటి ఏడు ఆ చిత్రం ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవానికి వెళ్ళింది గానీ, ఇంట గల్లాపెట్టె నిండలేదు.

మీరు చూసిన 'గంపెరలియ' 1963 నాటిది. మార్టిన్ విక్రమసింఘె నవల దానికి ఆధారం. స్టూడియో గడప తొక్కకుండా, దక్షిణ తీరంలోని బలపిటియలో ఒక పాత 'వలవ్వ'లో, అంటే మన దివాణం వంటి పెద్ద ఇంట్లో, ఒకే ఒక పెద్ద దీపంతోను, చేత పట్టుకునే చిన్న దీపాలతోను తీశారు. ఆ కాసిని దీపాలతో ఒక హాలంతా వెలిగించడం కుదరదు కనుక, ఒక ముఖాన్నో ఒక కిటికీ పక్కనో వెలుగు ఉంచి, మిగతాదంతా నీడకు వదిలిపెట్టక తప్పదు. కథ చూస్తే, ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే పియల్‌కు, ఆ ఇంటి బిడ్డ నందాకు మధ్య అడ్డుగా నిలిచింది ఆ ఇంటి పరువే. అటువంటప్పుడు ప్రేమకు అడ్డంకిని మాటల్లో చెప్పాల్సిన పనేముంది? ఆ గోడలే చెబుతాయి. నా మట్టుకు, లేమి ఇంత అందంగా కలిసివచ్చిన ప్రేమకథలు తక్కువ. 1965లో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దానికి స్వర్ణ మయూరం దక్కింది.

అదే దర్శకుడి 'గొళు హదవత' (1968) కూడా చూడండి. పేరుకు 'మూగ హృదయం' అని అర్థం. సగం కథ అబ్బాయి చెబుతాడు. తిరిగి అదే కథను అమ్మాయి వైపు నుంచి విన్నప్పుడు, మనం నిరాదరణ అనుకున్న ఆమె మౌనానికి కారణం వేరని తెలుస్తుంది.

ప్రశ్న: సింహళ చిత్రాల్లో ప్రేయసి ప్రియుణ్ణి 'అయ్యా' అని పిలుస్తున్నట్టు వినిపిస్తోంది. అంత మర్యాదా?

జవాబు: మర్యాద కాదండీ, చనువు. ఆ మాట 'అయియా', అర్థం అన్నయ్య. అతడు ఆమెను 'నంగి' అంటాడు, అంటే చెల్లెలు! బావామరదళ్ళ సరసానికి అలవాటుపడిన మనకు నవ్వొస్తుంది గానీ, అక్కడి ప్రేమికుల నోట అది మామూలు పిలుపే. వాడుక సింహళంలో నేను, నువ్వు, అతడు ఎవరు వెళ్ళినా క్రియ 'యనవా' ఒక్కటే; మన 'వెళ్తున్నావా', 'వెళ్తున్నారా' వంటి తేడా క్రియలో పలకదు. అందువల్ల ఇద్దరి మధ్య దూరం ఎంత తగ్గిందో చూపించాలంటే సంభాషణల రచయిత పిలుపుల మీదే ఎక్కువగా ఆధారపడాలి. ఉపశీర్షికలు రాసేవారు ముందుగా ఎగరగొట్టేదీ ఆ పిలుపునే. ఈసారి చూసేటప్పుడు చెవి అటువైపు పెట్టండి.