ప్రైవేట్ హాస్పిటల్లో స్టాఫ్ నర్సు జీతం: బిల్లులో రాసేది ఒకటి, మా చేతికొచ్చేది ఒకటి

మీ ప్రశ్న: చెల్లిని బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చాలనుకుంటున్నాం, చదువయ్యాక ప్రైవేట్‌లో జీతం ఎంత ఉంటుంది, దేన్ని బట్టి పెరుగుతుంది. ఇక్కడ ఇప్పటికే ఒకాయన "స్కిల్ ఉంటే శాలరీ దానంతటదే పెరుగుతుంది" అని రాశారు. నేను పదకొండేళ్లుగా ఇదే పనిలో ఉన్నా. స్కిల్‌ని చూసి జీతం పెంచినవాళ్లని ఒక్కర్ని కూడా చూడలేదు. నర్సు జీతం ఎంతన్నది ఒక్కదాని మీదే ఉంటుంది, ఆమె రేపొద్దున "నేను వెళ్లిపోతున్నా" అంటే ఆపడానికి ఎదుటివాడి చేతిలో ఏముంది అన్నదాని మీద. మిగతావన్నీ దాని తర్వాతే.

నేను ఖమ్మంలో జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చేశా. అప్పట్లో మూడున్నరేళ్లు, ఇప్పుడు మూడేళ్లు చేశారు. 2014లో హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ హాస్పిటల్లో చేరా, పేరెందుకులెండి, 350 బెడ్లు. ఆఫర్ లెటర్‌లో 10,500 అని ఉంటే నాన్న ఆ కాయితం పట్టుకుని మా బజారంతా తిరిగొచ్చాడు. మొదటి నెల నా చేతికొచ్చింది 8,096. పీఎఫ్ 720, ఈఎస్‌ఐ 184, హాస్టల్‌కి 1,500 పోయాయి. ఆ హాస్టల్ అంటే ఒక గదిలో ఎనిమిది మంది, నైట్ చేసొచ్చి పడుకుందామంటే డే డ్యూటీ వాళ్లు ట్యూబ్‌లైట్ వేసుకుని రెడీ అవుతుంటారు. జాయిన్ అయిన రోజే టెన్త్ మెమో నుంచి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ దాకా అన్ని ఒరిజినల్స్ తీసుకుని ఒక బ్రౌన్ కవర్లో పెట్టి, పైన నా పేరు రాసి హెచ్‌ఆర్ రూములో బీరువాలో పెట్టారు. రెండేళ్ల బాండు అన్నమాట. మధ్యలో మానేస్తే యాభై వేలు కట్టాలి. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, అందరూ ఇస్తున్నారు కదా అని ఇచ్చేశా.

మూడో ఫ్లోర్ ఆర్థో వార్డులో వేశారు. అక్కడ జరిగిన సంగతి చెప్తా, మీ ప్రశ్నకి అసలు జవాబు అందులోనే ఉంది.

మిర్యాలగూడ వైపు నుంచి ఒక తాత వచ్చాడు, బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. పదకొండు రోజులున్నాడు, అందులో ఏడు రాత్రులు నేనే నైట్. సన్నగా ఉంటాడు, వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, తిప్పినప్పుడల్లా నొప్పికి పళ్లు కొరుక్కుంటాడు తప్ప అరవడు, పక్క బెడ్ వాళ్లు లేస్తారని. తెల్లారుజామున మూడింటికి బెడ్‌పాన్ అడగాలంటే సిగ్గుపడి బిగబట్టుకునేవాడు, నాకది అర్థమయ్యి నేనే వెళ్లి పెట్టేదాన్ని. డిశ్చార్జి రోజు నాకు మార్నింగ్ డ్యూటీ. కొడుకు ఫైనల్ బిల్లు తెచ్చి బెడ్ పక్కన నిలబడి గట్టిగా చదువుతున్నాడు, గ్లౌజుల దగ్గర ఆగి గొడవ, కాటన్ దగ్గర ఆగి గొడవ, "ఇన్ని సిరంజీలు ఎవనికి పొడిచిన్రు" అని నన్నే అడుగుతున్నాడు. నేను తాత చేతికి క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) తీసి దూది అదిమి పట్టుకుని ఉన్నా, ఎటూ కదల్లేను. అప్పుడు వచ్చింది ఆ లైను, నర్సింగ్ ఛార్జెస్, పదకొండు రోజులు, రోజుకి 600, మొత్తం 6,600. కొడుకు దానికీ ఏదో అనబోతుంటే తాత ఆపాడు. "అన్నిటికి కొట్లాడు గానీ గిదొక్కటి ఏమనకురా. ఈ బిడ్డ రాత్రుళ్లు నిద్ర లేకుంట జేసింది, గిది ఈమెకు రావాల్సిందే" అన్నాడు. అని నా మొహంలోకి చూసి "మొత్తం నీకిస్తరా బిడ్డా?" అని అడిగాడు.

అవును తాతా, ఇస్తారు అన్నా.

ఇంకేం అనగలను. పొలం మీద అప్పు తెచ్చి కట్టిన డబ్బు అది, ఆ బిల్లు మొత్తంలో ఆయన మనస్ఫూర్తిగా కట్టింది ఆ ఒక్క లైనుకే. అది నాకు రాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ మధ్యాహ్నం హ్యాండోవర్ ఇచ్చాక ఖాళీ చార్టు వెనక లెక్క వేశా. నా కింద ఏడుగురు పేషెంట్లు. మనిషికి 600 అంటే రోజుకి 4,200. మూడు షిఫ్టులు, ముగ్గురు నర్సులు, అంటే నా షిఫ్టుకి 1,400. నా జీతం 10,500ని నెలకి 26 డ్యూటీలతో భాగిస్తే 404 రూపాయలు. మిగతా వెయ్యి ఎటు పోయిందని అడిగితే హాస్పిటల్ నడపడానికి ఖర్చులుండవా అంటారు. కానీ రూమ్ రెంట్ వేరే లైను, డ్యూటీ డాక్టర్ వేరే, మందులు, గ్లౌజులు, కాటన్ అన్నీ వేరే వేరే లైన్లు. నర్సింగ్ అన్న లైనులో నర్సు తప్ప ఇంకేం లేదు. కాబట్టి హాస్పిటళ్ల దగ్గర డబ్బుల్లేక మాకు ఇవ్వట్లేదు అన్న మాట నేను ఈ జన్మకి నమ్మను.

ఆ కాయితం మా ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చూపించా. ఆవిడది కేరళలో కొట్టాయం, హైదరాబాద్ వచ్చి పదేళ్లయింది. చూసి, మడిచి, నా యాప్రన్ జేబులోనే పెట్టి, "మోళే (వాళ్ల భాషలో బిడ్డా అని), నీ కవర్ ఇంకా వాళ్ల బీరువాలోనే ఉంది" అంది. అంతే. నాకు జీతాల గురించి ఎవరైనా ఏదైనా నేర్పించారంటే అది ఆవిడే.

2016 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రైవేట్ నర్సుల జీతాల మీద కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. ఆ కమిటీ చెప్పింది చాలా సూటిగా ఉంది. 200 బెడ్లు దాటితే ఆ రాష్ట్ర గవర్నమెంటు నర్సుతో సమానంగా ఇవ్వాలి, 100 నుంచి 200 అయితే ఆ గవర్నమెంటు జీతం కంటే పది శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 అయితే ఇరవై ఐదు శాతానికి మించి తగ్గకూడదు, అంతకంటే చిన్నదైనా నెలకి 20,000 తప్పనిసరి. మా హాస్టల్లో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు, వాట్సాప్‌లో వచ్చిన ఆ మెసేజ్‌ని ఒకళ్లు చదువుతుంటే మిగతావాళ్లం వింటూ, మనది 350 బెడ్లు కదే అని ఒకరినొకరు గిల్లుకున్నాం. ఆ సంవత్సరం నాకు వచ్చిన ఇంక్రిమెంట్ 800 రూపాయలు. కేంద్రం రాష్ట్రాలకి ఉత్తరం రాసింది, ఆరోగ్యం రాష్ట్రాల సబ్జెక్టు, రాష్ట్రాలు జీవో తెచ్చి అమలు చేయాలి, చాలాచోట్ల అక్కడితో ఆగిపోయింది.

కేరళలో మాత్రం గట్టిగా కదిలింది. వాళ్లు యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ అని పెట్టుకుని 2017లో సమ్మెలు చేసి, 2018 ఏప్రిల్లో రేపు లాంగ్ మార్చ్ అనగా ప్రభుత్వం చేత కనీస జీతం 20,000 నోటిఫికేషన్ ఇప్పించుకున్నారు, బెడ్లని బట్టి పైన అలవెన్సు కూడా. అక్కడి హాస్పిటళ్లు ఏమైనా మూతపడ్డాయా? మన దగ్గర సంఘం పెడదామంటేనే ముందు ఇంట్లో వాళ్లే భయపడతారు, ఆడపిల్లవి నీకెందుకమ్మా అని. జిల్లా టౌన్లలో నర్సింగ్ హోముల్లో ఇప్పటికీ పది పన్నెండు వేలకి పనిచేస్తున్నారు, నా జూనియర్లే ఉన్నారు. హైదరాబాద్ కార్పొరేట్‌లో ఫ్రెషర్స్‌కి 16 నుంచి 22 వేలు అని వాళ్లే చెప్తున్నారు.

ఇంకో మాట. వార్డులో పల్స్ ఆక్సీమీటర్ ప్రోబ్ పోయిందనుకోండి, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లందరి జీతంలోంచి కోస్తారు. మాకు ఒకసారి 2,200 పంచారు. ఎవరి అటెండెంట్ బ్యాగులోనో వెళ్లిపోయింది, మేం కట్టాం. మళ్లీ మే 12న నర్సెస్ డే అని కేక్ కోయించి, చేతుల్లో కొవ్వొత్తులు పెట్టి ఫోటోలు తీసి బయట ఫ్లెక్సీ కడతారు. ఆ కేక్ తిని నైట్ డ్యూటీకి ఎక్కిన రోజున నా కింద తొమ్మిది మంది పేషెంట్లు.

బీఎస్సీనా జీఎన్‌ఎంనా అని అందరూ అడుగుతారు. ప్రైవేట్‌లో ఆ తేడా వెయ్యి, రెండు వేలు, అంతకు మించి నేను చూడలేదు. ఐసీయూ, ఓటీ (ఆపరేషన్ థియేటర్), క్యాథ్‌ల్యాబ్ (గుండెకి స్టెంట్లు వేసే చోటు), డయాలసిస్ అయితే ఇంకాస్త ఇస్తారు, అది కూడా ఆ నర్సు వెళ్లిపోతే మెషిన్ ఆగిపోతుందన్న భయంతోనే ఇస్తారు, మళ్లీ నేను చెప్పిన పాయింటే. బీఎస్సీ అసలు పనికొచ్చేది గవర్నమెంటుకీ, బయటి దేశాలకీ, పైన ఎమ్మెస్సీ చదివి టీచింగ్‌కి వెళ్లేవాళ్లకీ. అందుకైతే తప్పకుండా చేయించండి.

బాండు అయ్యాక 2016లో బయటికొచ్చా. కవర్ తెచ్చుకోవడానికే పద్దెనిమిది రోజులు తిరిగా, నో డ్యూస్ ఫారం మీద లైబ్రరీ సంతకం కూడా కావాలన్నారు, ఆ హాస్పిటల్లో లైబ్రరీ ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. తర్వాత రెండేళ్లు ఒక నర్సింగ్ హోములో చేశా, తర్వాత గవర్నమెంటు హాస్పిటల్లో ఔట్‌సోర్సింగ్. జీతం 17,500, అదీ మూడు నెలలకోసారి వచ్చేది. అయినా వదల్లేదు, ఎందుకంటే రెగ్యులర్ పోస్టులు వేసినప్పుడు ఆ సర్వీసుకి మార్కులు కలుస్తాయని సీనియర్ అక్కలు చెప్పారు. అదే నిజమైంది. 2022 డిసెంబర్ చివర్లో తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకి నోటిఫికేషన్ పడింది, రాతపరీక్షకి 80, గవర్నమెంటులో కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకి 20. 2023 ఆగస్టులో రాశా, వచ్చింది. మొదటి బేసిక్ 36,750. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిసి, కటింగులు పోయి చేతికి యాభై వేలకి కాస్త అటూ ఇటూ. ఆ సెలైన్ ఎక్కించే చేయే, ఆ తాతని తిప్పిన చేయే. కొత్తగా నేర్చుకున్న విద్య ఏమీ లేదు, రిజిస్టర్ మారింది అంతే. ఎయిమ్స్ వాళ్లు నర్సుల కోసం పెట్టే నార్‌సెట్ పరీక్ష రాసి వెళ్లినవాళ్లకి కేంద్రం జీతాల లెక్కలో లెవెల్ 7, అంటే బేసిక్ 44,900, నర్సింగ్ అలవెన్సు అదనం. మీ చెల్లి ఫైనలియర్‌లో ఉండగానే దానికి చదవడం మొదలుపెట్టాలి.

బయటి దేశాలంటారా, లెక్కలు వింటే కళ్లు తిరుగుతాయి గానీ దాని వెనక పని ఉంది. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థలో, బ్యాండ్ 5 (రిజిస్టర్డ్ నర్సు చేరే గ్రేడు) మొదటి జీతం 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు, కానీ ఓస్కీ అని వాళ్ల ప్రాక్టికల్ పరీక్ష పాసై రిజిస్ట్రేషన్ వచ్చేదాకా మామూలుగా కింది గ్రేడు బ్యాండ్ 4లోనే ఉంచుతారు, లండన్‌లో అయితే గది అద్దెకే చాలా పోతుందని నా బ్యాచ్‌మేట్ ఏడుస్తుంది. అమెరికాలో 2024 లెక్కల ప్రకారం రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, ఎన్‌క్లెక్స్ (అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష) పాసైనా వీసా క్యూలో ఏళ్ల తరబడి కూర్చోవాలి. అక్కడ కాలిఫోర్నియాలో ఒక నర్సుకి ఎంతమంది పేషెంట్లో చట్టంలోనే రాశారు, 2004 నుంచి అమల్లో ఉంది. నాకు ఆ డాలర్ల కంటే ఆ ఒక్క విషయం మీదే అసూయ. జర్మనీకైతే జర్మన్ భాష బీ2 అనే స్థాయి దాకా చదవాలి. గల్ఫ్‌కి వెళ్లాలంటే సర్టిఫికెట్లు నిజమో కాదో చూసే డేటాఫ్లో కంపెనీ వాళ్లు మీ పాత హాస్పిటల్‌కే మెయిల్ పెట్టి ఈమె ఇక్కడ చేసిందా అని అడుగుతారు. చూశారా, అక్కడికి వెళ్లడానికి కూడా ఇక్కడి హెచ్‌ఆర్ ఊ అనాలి. గొడవపడి వచ్చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ నొక్కేస్తారు, నా రూమ్మేట్ ఒకామె సౌదీ అవకాశం అలాగే పోయింది, మూడేళ్ల ఐసీయూ అనుభవం కాయితం లేక గాల్లో కలిసింది.

పెళ్లి సంగతి మీరు అడగలేదు గానీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు కాబట్టి చెప్తున్నా. నాకు చూసిన మొదటి సంబంధం నైట్ డ్యూటీలు అనగానే లేచి వెళ్లిపోయింది. అదే ఇంట్లోవాళ్లు ఇప్పుడు యూకే నర్సు ఉంటే చెప్పండి అని మధ్యవర్తిని అడుగుతున్నారు. అక్కడ మాత్రం నైట్ డ్యూటీ ఉండదా? ఇలాంటివాళ్ల మాట విని పిల్లని ఆపకండి. ఈ పని మంచి పని, నేను ఇంకో పని చేయాలని ఎప్పుడూ అనుకోలేదు.

చేర్చేముందు కాలేజీకి సొంత హాస్పిటల్ ఉందా, ఉంటే అందులో పేషెంట్లు ఉన్నారా అని ఒక సాయంత్రం మీరే వెళ్లి వార్డుల్లో తిరిగి చూడండి, చాలాచోట్ల ఇన్‌స్పెక్షన్ రోజునే బెడ్లు నిండుతాయి. రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ బ్యాగులో పెట్టుకుని రమ్మనండి. ఒప్పుకోకపోతే ఇంకో హాస్పిటల్, నర్సులు దొరకట్లేదని అన్నిచోట్లా బోర్డులు పెట్టుకుని కూర్చున్నారు. సీటీసీ (కంపెనీ మన మీద పెట్టే మొత్తం ఖర్చు) ఎంతన్నది వద్దు, చేతికి ఎంత అని అడగమనండి, వాళ్లు కట్టాల్సిన పీఎఫ్ కూడా మన జీతంలోనే కలిపి చూపిస్తారు. ఒక్క నర్సుకి ఎంతమంది పేషెంట్లు అని కూడా ఇంటర్వ్యూలోనే అడగాలి. ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం పెట్టకముందు ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టమనండి, డ్యూటీలో ఉంటే రాత్రి ఎనిమిది తర్వాత చూసి చెప్తా.