మార్చిలో రాజీనామా వద్దు, ఆపరేషన్‌ని రెండేళ్లు నెట్టొద్దు

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 41 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, నెలకు 1,10,000 చేతికొస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) వల్ల 2012లో పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరి భాగంతో లోపలే మలం నిలిచే సంచి, జే-పౌచ్ కట్టారు. పదేళ్లు బాగానే నడిచింది. మూడేళ్లుగా పౌచ్ వాపు, ఫిస్టులా (పేగు నుంచి పక్కకు పడిన అసహజ దారి). ఇక పౌచ్ తీసేసి పొట్ట మీద శాశ్వతంగా స్టోమా (మలం బయట తగిలించిన బ్యాగులోకి వచ్చే దారి) పెట్టడమే మేలని సర్జన్ అంటున్నారు. అంచనా 6 లక్షలు. కంపెనీ పాలసీ 5 లక్షలు, ఏప్రిల్ 1న రెన్యువల్. ఈ ఏడాది అందులో 1,40,000 వాడేశాను. ఎఫ్‌డీలు 9 లక్షలు. ఇంటి లోన్ బాకీ 21 లక్షలు, ఈఎంఐ 38,000. మా ఆవిడ టీచర్, జీతం 28,000. పాప ఎనిమిదో తరగతి. మార్చిలో ఉద్యోగం మానేసి, ఎఫ్‌డీలు లోన్‌కి కట్టి, ఊరెళ్లి, ఆపరేషన్ సంగతి రెండేళ్ల తర్వాత చూద్దామనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: మీరు పంపిన నోట్‌బుక్ పేజీ ఫొటో రెండుసార్లు చూశాను. ఎడమవైపు ఆపరేషన్ ఖర్చంతా వరసగా ఉంది, బ్యాగులు, పేస్టుతో సహా. కుడివైపు ‘ఆగితే’ అని రాసి కింద సున్నా పెట్టారు. నా పేచీ ఆ సున్నాతోనే.

అదే పేజీలో అడుగున, చిన్న అక్షరాలతో మీరే రాసుకున్న అంకెలు తీసుకుందాం. పోయిన ఏడాది జీతం కోత పడిన సెలవులు 31 రోజులు, అంటే సుమారు 1,13,000. యాంటీబయాటిక్స్, క్రీములు, డైపర్లు, డాక్టర్ ఫీజులు కలిపి నెలకు 6,500, ఏడాదికి 78,000. రెండుసార్లు అడ్మిట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ ఇవ్వకుండా మిగిల్చింది 62,000. మొత్తం 2,53,000. రెండేళ్లు ఆగితే 5 లక్షలు దాటుతుంది, ఆపరేషన్ అలాగే మిగిలి ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డులో ఏ పెట్రోల్ బంకులో టాయిలెట్ తెరిచి ఉంటుందో నోటికి చెప్పగలనని రాశారే, దానికి నేను రేటు కట్టలేను.

ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది మీరూ సర్జనూ తేల్చాల్సిన విషయం, అందులో నేను తలదూర్చను. కానీ దారులు రెండున్నాయి, వాటి ఖర్చు వేరు. పౌచ్‌ని లోపలే వదిలేసి దానికి పైన స్టోమా పెట్టడం చిన్న ఆపరేషన్. అయితే వదిలేసిన పౌచ్ నుంచి జిగురు కారవచ్చు, అప్పుడప్పుడూ స్కోప్ వేసి చూస్తూ ఉండాలి, కొందరికి తర్వాత అది కూడా తీసేయాల్సి వస్తుంది. మొత్తం తీసేయడం పెద్ద ఆపరేషన్. మలద్వారం దగ్గరి గాయం మానడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మీది కూర్చుని చేసే పని కాబట్టి సెలవు లెక్కలో ఇది ముఖ్యం. నరాలు దెబ్బతినే అవకాశం గురించి, దాంపత్య జీవితం గురించి సర్జన్‌ని మొహమాటపడకుండా అడగండి. పాలసీలో ఏది ఇముడుతుందో చూసి మాత్రం ఆపరేషన్‌ని ఎంచుకోకండి.

ఇంతవరకు ఆయన ఎన్ని పౌచ్‌లు తీశారో కూడా అడగండి. ఇది రోజూ జరిగే ఆపరేషన్ కాదు. రెండో అభిప్రాయానికి వెల్లూరు సీఎంసీ మీకు దూరం కాదు, అక్కడ కొలోరెక్టల్ (పెద్దపేగు, మలద్వారం) సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది. రానుపోను ఖర్చు, ఫీజు కలిపినా ఈ మొత్తంలో అది లెక్కలోకి రాదు.

ఇప్పుడు మార్చి సంగతి. మీ ప్లాన్‌లో నాకు భయం వేసింది ఇక్కడే. కంపెనీ గ్రూప్ పాలసీల్లో ఎక్కువగా పాత జబ్బులకూ మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. ఇప్పటికే రెండుసార్లు క్లెయిమ్ ఇచ్చారు కాబట్టి మీదీ అలాంటిదే అయి ఉండాలి. ఉద్యోగం మానితే మామూలుగా అది పోతుంది. బయట కొత్త పాలసీ తీసుకుంటే ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, అసలు ఇవ్వకపోవచ్చు కూడా. జబ్బు దాచి తీసుకోమని ఏజెంట్ ఎవరైనా చెబితే ఆ ఏజెంట్‌ని మార్చండి. సూపర్ టాప్-అప్ (ఉన్న కవర్ దాటిన ఖర్చుకు అదనంగా తీసుకునే పాలసీ) గురించి కూడా అడిగారు. ఇప్పుడు బయట కొన్నది ఈ ఆపరేషన్‌కి అక్కరకు రాదు.

ఏప్రిల్ 1న రెన్యువల్ అయితే 5 లక్షలూ మళ్లీ నిండుతాయి. ఇవాళ చేయించుకుంటే మీ చేతిలో ఉన్నది 3,60,000 మాత్రమే. పైగా చాలా కంపెనీలు రెన్యువల్ సమయంలో కొన్ని రోజులే తెరిచి, మన జీతంలోంచి ప్రీమియం కోసుకుని టాప్-అప్ ఇస్తాయి. మీ కంపెనీలో అది ఉందా, పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, జవాబు కూడా మెయిల్‌లోనే తీసుకోండి. కార్పొరేట్ బఫర్ ఉందా అనీ అడగండి. కవర్ అయిపోయిన ఉద్యోగికి కంపెనీ విచక్షణతో ఇచ్చే అదనపు మొత్తం అది. ఉన్నా అడగనిదే ఎవరూ చెప్పరు. ‘కొన్ని వారాలు ఆగితే ఫర్వాలేదు’ అని సర్జన్ అంటేనే ఏప్రిల్ దాకా ఆగండి. జ్వరం వచ్చినా చీము కారినా రెన్యువల్ తేదీ చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

రూమ్ విషయంలో జాగ్రత్త. మీ పాలసీలో రూమ్‌కి రోజుకు కవర్‌లో 1 శాతం, అంటే 5,000 పరిమితి ఉంది. మీరు 8,000 రూమ్ తీసుకుంటే కోత ఆ మూడు వేలతో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీల వంటివీ అదే దామాషాలో తగ్గిస్తారు. అవి 4 లక్షలైతే 2,50,000 మాత్రమే వస్తుంది. షేరింగ్ రూమ్‌లో పక్క మంచం బంధువులు అరటిపండ్లు తింటూ మీ కథంతా అడుగుతారు, నిజమే. లక్షన్నర మిగులుతుందంటే కాస్త ఓర్చుకోవచ్చు.

ఎఫ్‌డీలు లోన్‌కి కట్టొద్దు. కట్టిన డబ్బు అవసరానికి వెనక్కి రాదు. మీ ఇంటి ఖర్చు 35,000, ఈఎంఐతో 73,000. మీ ఆవిడ జీతం పోను నెలకు 45,000 తక్కువ. మూడు నెలలు జీతం రాదనుకుంటే 1,35,000. ఇన్సూరెన్స్‌కి పైన మీ వాటా 2 లక్షలు అనుకుందాం. బ్యాగులూ చిల్లర ఖర్చులూ కలిపి మొత్తం 4 లక్షలు విడిగా, తేలిగ్గా విరిచే ఎఫ్‌డీలో ఉంచండి. మిగతా 5 లక్షలు కదపొద్దు. చాలకపోతే పర్సనల్ లోన్‌కి ముందు పీఎఫ్‌లో వైద్యం అడ్వాన్స్ చూడండి. 5 లక్షల లోపు క్లెయిమ్‌లకు 2025 నుంచి ఆటో సెటిల్‌మెంట్ (కంప్యూటరే క్లెయిమ్ తేల్చడం) ఉంది.

బ్యాగులకు మీరు నెలకు 4,500 రాశారు. మొదటి ఏడాది 6,000 వేసుకోండి. చర్మం కుదిరేదాకా, సరిపోయే బ్రాండ్ దొరికేదాకా కొంత వృథా అవుతుంది. అప్పుడు ఏడాదికి 72,000. ఆపరేషన్‌తో మందులూ పరీక్షలూ పూర్తిగా పోతాయని చెప్పను, కానీ 2,53,000 పక్కన పెట్టి చూడండి.

కోలుకోవడానికి ఒంగోలు వెళతానన్నారు. ఏప్రిల్‌లో ఆపరేషన్ అయితే మే నెల ఎండల్లో అక్కడ ఉంటారు. పెద్దపేగు లేదు, పౌచ్‌తో పాటు మరికొంత చిన్నపేగు పోతుంది, నీరూ ఉప్పూ త్వరగా బయటికి పోతాయి. డీహైడ్రేషన్‌తో మళ్లీ అడ్మిట్ అయితే మరో బిల్లు. అమ్మగారినే బెంగళూరుకి పిలిపించుకోండి.

మా బాబాయికి క్యాన్సర్ వల్ల పన్నెండేళ్లు బ్యాగ్ ఉండేది. ఒక్కో పెట్టే కొనేవాడు. ఓసారి షాపులో స్టాక్ లేక, వాడేసిన ఫ్లాంజ్‌కే (బ్యాగును చర్మానికి పట్టి ఉంచే పట్టీ) ప్లాస్టర్ చుట్టూ అంటించుకుని పెళ్లికి వెళ్లి, తాళి కట్టకముందే వెనక్కి వచ్చేశాడు. అప్పటినుంచి మా పిన్ని బీరువాలో చీరల కింద రెండు నెలల సరుకు ఎప్పుడూ ఉండేది. డిశ్చార్జికి ముందే మీరూ అంత కొని పెట్టుకోండి. ఆ బిల్లులు పోస్ట్-హాస్పిటలైజేషన్ (డిశ్చార్జి తర్వాతి ఖర్చులు) కింద ఇస్తారేమో టీపీఏని, అంటే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు చూసే సంస్థని, అడగండి. ఒకవేళ ఇచ్చినా ఆ గడువు చాలా పాలసీల్లో 60 రోజులే, కాబట్టి ప్రిస్క్రిప్షన్‌లో బ్యాగుల సంఖ్య రాయించుకోవడం మర్చిపోకండి.