చుట్టాలకు చెప్పుకోలేని చదువా?

ప్రశ్న: మా అమ్మాయి హనుమకొండలో బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతోంది. వీర్యకణాలను పుట్టించే మూలకణాల మీద, మగవాళ్లలో సంతానలేమికి కారణమయ్యే జన్యువుల మీద పరిశోధన చేస్తానంటోంది. చుట్టాలకు చెప్పాలంటేనే మొహమాటంగా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు మొహమాటం సంగతి చూద్దాం. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో లోపం మగవాళ్ల వైపు కూడా ఉంటుంది. అయినా మన ఇళ్లలో ముందు పరీక్షలకు తిరిగేదీ, మాటలు పడేదీ కోడలే. మీ అమ్మాయి పట్టుకున్నది అలాంటి సమస్యను. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

తను ఏం చదవాలనుకుంటోందో మీకూ తెలిస్తే బెంగ తగ్గుతుంది. వృషణాల్లో సన్నటి నాళికలుంటాయి. వాటి గోడను ఆనుకుని కొద్దిపాటి మూలకణాలుంటాయి. వాటిలో కొన్ని వీర్యకణాలుగా మారే దారి పట్టాలి, కొన్ని మూలకణాలుగానే మిగలాలి. విత్తనాల కోసం దాచిన వడ్లు కూడా వండుకు తినేస్తే మరుసటేడు పొలం ఏమవుతుంది? పీఎల్‌జెడ్‌ఎఫ్ అనే జన్యువు లేని ఎలుకల్లో అదే జరుగుతుందని 2004లో తేలింది. మొదట్లో వీర్యకణాలు తయారవుతాయి, వయసు పెరిగేకొద్దీ నాళికలు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. పక్కనుండే సెర్టోలీ కణాలు జీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అందిస్తూ మూలకణాలను కాపాడుతుంటాయి. విటమిన్ ఏ నుంచి తయారయ్యే రెటినోయిక్ ఆమ్లమేమో వాటిని వీర్యకణాలుగా మారే దారిలో నడిపిస్తుంది. మనిషిలో ఈ ప్రయాణానికి సుమారు 74 రోజులు పడుతుంది.

ఇదంతా ల్యాబు గోడల మధ్యే ఉండిపోయే విద్య కాదు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లో, వీర్యకణాల తయారీకి అవసరమైన ఏజెడ్‌ఎఫ్ అనే భాగం ఉంది. దాన్ని ఏ, బి, సి అని మూడు ముక్కలుగా చెబుతారు. అందులో ‘ఏ’ గానీ ‘బి’ గానీ పూర్తిగా లేకపోతే, ఆపరేషన్ చేసి వెతికినా వీర్యకణాలు దొరకవనే అనుకోవాలి. ‘సి’ మాత్రమే లేకపోతే దొరికే అవకాశం ఉంది. కానీ కొడుకు పుడితే ఆ లోపం వాడికీ వెళ్తుంది. రక్తపరీక్షతో ఈ సంగతి ముందే తెలిస్తే ఒక జంటకు వృథా ఆపరేషన్, అప్పు రెండూ తప్పుతాయి.

ఇక దారి. ఉస్మానియాలో ఎంఎస్సీ జెనెటిక్స్‌కు సీపీగెట్, ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పీహెచ్‌డీకి నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో వై క్రోమోజోమ్ మీద ఎంతో పని జరిగింది. ముంబైలో సంతాన ఆరోగ్యం మీదే పనిచేసే జాతీయ సంస్థ ఉంది. కానీ పీహెచ్‌డీ అంటే అయిదారేళ్లు. పెళ్లి తొందర పెట్టకుండా ఉండగలరా? ఇది మీరు ఇప్పుడే తేల్చుకోవాలి.

అంతకాలం ఆగలేమంటే ఎంఎస్సీ క్లినికల్ ఎంబ్రియాలజీ ఉంది, అంటే ల్యాబులో పిండాలను తయారుచేసి చూసుకునే చదువు. మణిపాల్‌లో నేర్పుతారు. సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 చట్టం వచ్చాక ఐవీఎఫ్ కేంద్రాల్లో ఎంబ్రియాలజిస్టుకు నిర్ణీత అర్హతలు తప్పనిసరి. కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సులకు లక్షలు కట్టకండి.

ఈలోగా ఏదైనా ల్యాబులో రెండు నెలల ప్రాజెక్టు చేయించండి. రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని, ఒక్కో నాళికలో మూలకణాలు లెక్కపెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి దాని గురించే మాట్లాడుతుంటే ఇక సందేహం పెట్టుకోకండి. చుట్టాలు అడిగితే, పిల్లలు ఎందుకు పుట్టడం లేదో కనిపెట్టే చదువు చదువుతోందని చెప్పండి.