కాంబాట్ రోబోలో వైర్లు ఊడకుండా ఏ కనెక్షన్ వాడాలి?

రోబోలు ఒకదాన్నొకటి కొట్టుకునే పోటీలో దెబ్బ తగలగానే రోబో ఆగిపోతోంది, అన్నీ సోల్డర్ చేసేయాలా అని అడిగారు. అన్నీ వద్దు. మ్యాచ్‌ల మధ్య విప్పాల్సిన చోట కనెక్టరే మేలు, మిగతావి సోల్డర్ చేయండి.

బీటిల్‌వెయిట్ తరగతి (1.36 కిలోలు) రోబోలో బ్యాటరీకి మామూలుగా ఎక్స్‌టీ30 అనే చిన్న కనెక్టర్ సరిపోతుంది, వెపన్ మోటార్ కరెంటు ఎక్కువ లాగేదైతే దానికంటే పెద్దదైన ఎక్స్‌టీ60 పెట్టండి. బ్యాటరీ వైపు ఫిమేల్ (రంధ్రాలున్న భాగం) ఉండాలి, లేకపోతే బయటికున్న పిన్నులు దేనికో తగిలి షార్ట్ అవుతాయి. స్క్రూ టెర్మినళ్ల జోలికి అసలు పోవద్దు, వైబ్రేషన్‌కి వదులైపోతాయి.

సరిగ్గా చేసిన సోల్డర్ అతుకు మధ్యలో తెగడం అరుదు. కరిగిన సోల్డర్ వైరు పోగుల్లోకి పాకి గట్టిపడుతుంది కదా, ఆ గట్టి భాగం అయిపోయి మెత్తటి వైరు మొదలయ్యే అంచు దగ్గరే పుటుక్కుమంటుంది. అందుకే సన్న పోగుల సిలికాన్ వైరు తీసుకోండి. అతుకు మీద హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడిగి, రెండు మూడు సెంటీమీటర్ల అవతల వైరును ఫ్రేముకి జిప్ టైతో కట్టేయండి. ఆ మధ్యలో కాస్త వదులు వదలండి. బిగుతుగా లాగి కడితే కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే.

రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కి వెళ్లే చిన్న ప్లగ్గుల్ని చాలామంది పట్టించుకోరు. వాటి మీద ఓ చుక్క హాట్ గ్లూ వేస్తే చాలు.