గ్లూటమిన్ కలిపేటప్పుడు

చిట్టితల్లికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సెల్ కల్చర్ ల్యాబ్‌లో చేరావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. సోమవారం నుంచి గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం స్టాక్ (తర్వాత పలచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం) నువ్వే చేయాలట, అది తలచుకుని టెన్షన్ పడుతున్నావట. పైకి చూస్తే పొడి, నీళ్ళు, ఫిల్టర్, అంతే. కానీ నేను ఇరవై ఏళ్ళకు పైగా చేసిన పని ఇది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. మీడియాలో, అంటే సెల్స్‌ని పెంచే పోషక ద్రవంలో, ఉండే అమైనో ఆమ్లాల్లో చాలావాటిని ఒకసారి కలిపితే నెలల తరబడి అలాగే ఉంటాయి. గ్లూటమిన్ అలా ఉండదు. నీళ్ళలో పడిన క్షణం నుంచీ దానంతట అదే విరిగిపోతూ ఉంటుంది. ఒకవైపు అమ్మోనియా వస్తుంది, ఇంకోవైపు సెల్స్‌కి పెద్దగా పనికిరాని పైరోగ్లూటమిక్ ఆమ్లం మిగులుతుంది. అంటే తిండి తగ్గడమే కాదు, ఆ తిండే విషంగా మారుతుంది. ఫ్రీజర్‌లో ఇది దాదాపు ఆగిపోతుంది, ఫ్రిజ్‌లో నెమ్మదిగా సాగుతుంది, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో జోరందుకుంటుంది.

నేను పనిలో చేరిన రెండో ఏడు మా హీలా సెల్స్ (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ఉన్నట్టుండి పెరగడం మానేశాయి. మూడు రోజుల్లో నిండాల్సిన ఫ్లాస్కు వారమైనా సగం దగ్గరే ఆగిపోయేది. సీరం మార్చాం. కల్చర్లలో కంటికి కనిపించకుండా చేరే మైకోప్లాస్మా అనే బాక్టీరియా ఉందేమోనని పరీక్ష చేయించాం. ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచాం. మూడు వారాలు గడిచాక ఒకరోజు మీడియా సీసాని వెనక్కి తిప్పి చూస్తే, గ్లూటమిన్ వేసిన తేదీ నాలుగు నెలల కిందటిది. సీసా మాత్రం తేటగా, చక్కటి ఎరుపు రంగులో ఉంది. రంగు చూసి గ్లూటమిన్ ఉందో లేదో చెప్పలేమని ఆ రోజు తెలిసింది. కొత్తగా కలిపిన మీడియాలోకి మార్చాక అవే సెల్స్ మళ్ళీ దారిన పడ్డాయి.

అసలు మన ఒంట్లో గ్లూటమిన్ తయారవుతుంది కదా, సెల్స్‌కి బయటినుంచి ఎందుకు వేయాలని నువ్వు అడుగుతావు. 1950ల్లో అమెరికాలో హ్యారీ ఈగిల్ అనే శాస్త్రవేత్త మీడియాలోంచి ఒక్కొక్క పదార్థాన్నే తీసేస్తూ సెల్స్ బతుకుతాయో లేదో చూశాడు. గ్లూటమిన్ తీసేస్తే హీలా సెల్స్ బతకలేదు. ఆయన 1959లో ప్రకటించిన మీడియాలో లూసిన్, లైసిన్ లాంటివి 0.4 మిల్లీమోలార్ (గాఢతకి కొలమానం) ఉంటే గ్లూటమిన్ ఒక్కటే 2 మిల్లీమోలార్ ఉంటుంది. సెల్స్ దాన్ని అంతగా వాడుకుంటాయి.

ఇక లెక్క. స్టాక్ 200 మిల్లీమోలార్ చెయ్యి. 100 మి.లీ.కి 2.92 గ్రాములు పడుతుంది. ఇందులోంచి 5 మి.లీ. తీసి 500 మి.లీ. మీడియా సీసాలో వేస్తే 2 మిల్లీమోలార్ దగ్గరికి వస్తుంది. అయితే ముందు మీడియా సీసా లేబుల్ చదువు. అందులో గ్లూటమిన్ ఇప్పటికే ఉంటే మళ్ళీ వేయకు. ఎక్కువ వేస్తే ఎక్కువ అమ్మోనియానే.

తూచే ముందు పొడి సీసా మీద పేరు రెండుసార్లు చదువు. షెల్ఫ్‌లో పక్కనే గ్లూటమిక్ ఆమ్లం ఉంటుంది. పేరూ దగ్గరే, తెల్లటి పొడి కావడమూ ఒకటే, అణుభారం కూడా 146, 147. ఎంతసేపు తిప్పినా అడుగున తెల్లగా మిగిలిపోతోందంటే చాలాసార్లు తీసింది ఆ సీసానే అయి ఉంటుంది. అది లీటరు నీళ్ళలో పది గ్రాములు కూడా కరగదు.

80 మి.లీ. శుద్ధమైన కల్చర్ గ్రేడ్ నీళ్ళు తీసుకుని, గోరువెచ్చగా చేసి, స్టిరర్ మీద పెట్టి పొడి కొద్దికొద్దిగా వెయ్యి. 200 మిల్లీమోలార్ అంటే ఇంచుమించు అది కరగగలిగినంతా కరిగినట్టే, అందుకే తొందరపడకు. త్వరగా కరగాలని వేడి పెంచకు, ఆమ్లమో క్షారమో పొయ్యకు. అంతా తేటపడ్డాక 100కి నింపు. ఆవిరి వేడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌లో మాత్రం ఎప్పుడూ పెట్టకు, ఆ వేడికి గ్లూటమిన్ మిగలదు. శుభ్రమైన గాలి వచ్చే హుడ్ ముందు కూర్చుని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టు.

వడకట్టిన వెంటనే 15 మి.లీ. గొట్టాల్లో అయిదేసి మి.లీ. పోసి మైనస్ 20లో పెట్టు. ఒక గొట్టం ఒక సీసాకి సరిపోతుంది, అప్పుడు మిగిలినదాన్ని మళ్ళీ గడ్డకట్టించే పని ఉండదు. ఫ్రీజర్ తలుపు దగ్గర కాదు, లోపలి అరలో పెట్టు. మన హైదరాబాద్‌లో మే నెలలో కరెంటు పోయిందంటే ముందు వేడెక్కేది ఆ తలుపు వైపే. గొట్టం మీద పేరు, గాఢత, తేదీ, నీ ఇనిషియల్స్ రాసి పైన సెల్లో టేప్ అంటించు. ఆల్కహాల్ కొట్టి తుడిచినప్పుడల్లా మార్కర్ రాత చెరిగిపోతుంది. తేదీ చెరిగిపోయిన గొట్టం ఇక వాడటానికి పనికిరాదు.

గడ్డ కరిగించేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడు. అడుగున పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తూ కనిపిస్తాయి. అవి చూసి బాక్టీరియా పట్టిందని పారబోసినవాళ్ళున్నారు. పైన తేటగా ఉన్నంతవరకే పిపెట్‌తో తీసుకున్నవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సెల్స్‌కి అసలు తిండి గొట్టం అడుగునే ఉండిపోయింది. అది గడ్డకట్టినప్పుడు పేరుకున్న గ్లూటమిన్ అంతే. 37 డిగ్రీల నీళ్ళలో అయిదు పది నిమిషాలు ఉంచి, మెల్లగా తిప్పుతూ ఉంటే పలుకులన్నీ మాయమవుతాయి. అప్పుడు వాడు. అలా కాకుండా పొగలా మసక కదులుతుంటే మాత్రం కలుషితమైందన్నమాట, పారబొయ్యి.

మీడియాలో కలిపాక సీసా మీద గ్లూటమిన్ వేసిన తేదీ విడిగా రాయి. ఫ్రిజ్‌లో నాలుగు వారాలు దాటితే నేనైతే వాడను. వాడబోయే ప్రతిసారీ సీసా మొత్తాన్ని వాటర్‌బాత్‌లో పెట్టకు, కావలసినంత వేరే గొట్టంలోకి తీసుకుని అదే వేడి చేసుకో. ఈ చిన్న అలవాటు చాలా సెల్స్‌ని కాపాడుతుంది.

అలనైల్ గ్లూటమిన్ అనే జంట రూపం కూడా దొరుకుతుంది. అది విరగకుండా చాలా కాలం నిలుస్తుంది, ఖరీదు ఎక్కువ. మీ గైడ్‌ని అడిగి చూడు. ప్రయోగం మధ్యలో మాత్రం ఒకదాన్నుంచి ఇంకోదానికి మారకు.

మొదటి బ్యాచ్ చేసిన రోజున, యాంటీబయాటిక్ లేని మీడియాలో కొంచెం వేసి 37 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచి చూడు. మసకబారకపోతే మిగతా గొట్టాలు వాడుకోవచ్చు. ఏం కనిపించిందో నాకు ఫోన్ చేసి చెప్పు, రాత్రి ఎంత ఆలస్యమైనా సరే.

ఇట్లు,
మీ పెద్దమ్మ